బజ్జీల కాగితం, 1665 నాటి ఈగ కన్ను

మొన్న మా పలివెలలో మామయ్య పేడకుప్ప తిరగేస్తుంటే కొమ్ము పురుగు బయటపడింది. ఫోన్‌లో మాక్రో పెట్టి, ఫ్లాష్ వేసి తీశా. నల్లటి వీపు మీద తెల్లటి మెరుపు మచ్చ, కొమ్ము మాయం!

ఈ తలనొప్పి చాలా పాతది. రాబర్ట్ హుక్ దగ్గర కెమెరా లేదు, మైక్రోస్కోప్‌లో చూసి చేత్తో గీయాలి. 1665లో అచ్చయిన తన 'మైక్రోగ్రాఫియా'లో ఆయన ఏమన్నాడంటే, ఈగ కన్ను ఒక వెలుగులో చిల్లుల జల్లెడలా ఉందట. ఎండలో బంగారు మేకులు కొట్టినట్టు, ఇంకోవైపు నుంచి పిరమిడ్లలా ఉందట. కన్ను మాత్రం ఒక్కటే! అందుకే వెలుగు మార్చి మార్చి చూశాకే గీసేవాడు. ఎండ సూటిగా పడకుండా పురుగుకి దగ్గరగా నూనె కాగితం అడ్డం పెట్టేవాడు. ఇప్పుడు మనం డిఫ్యూజర్ అని డబ్బులు పెట్టి కొనేది అదే. (చీమ కదలకుండా బ్రాందీ కూడా పట్టించాడు, అది మీరు చెయ్యకండి!)

నేనూ ఫ్లాష్ ఆపేసి, బజ్జీలు కట్టిచ్చిన కాగితం ఎండకి అడ్డం పట్టా. మచ్చ పోయింది, వీపు మీద సన్నటి గుంటలు కనిపించాయి. ఫోన్‌ని పురుగు ఎత్తుకి దించి పక్కనుంచి తీస్తే, వెనకున్న ఎండుటాకు మీద కొమ్ము నల్లగా తేలింది.

ఇంకొకటి తీసేలోపు అది మళ్లీ పేడలోకి దూరిపోయింది. మామయ్య తిట్టాడు లెండి, కొబ్బరి మొవ్వు తినే పురుగుని వదిలేశానని!