అంచు కత్తిరించిన చేతులు

బహుమతుల మీద కాగితం చీటీకి బదులు గుడ్డ చీటీ కట్టడం ఇప్పుడు అక్కడక్కడా చూస్తున్నాం. కంప్యూటర్ మిషన్ మీద పేరూ, చిన్న పువ్వూ కుట్టి, చుట్టూ దట్టమైన కుట్టుతో అంచు బిగిస్తారు. చూసేవాళ్లు ముందు మెచ్చుకునేది ఆ అంచునే. పోగు ఊడకూడదు, కత్తెర జాడ కనపడకూడదు. అలాంటి అంచు రావడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. గీత వెంట కుట్టి, ఆ కుట్టు తెగకుండా పక్కనుంచే గుడ్డ కత్తిరించి, పైన మళ్లీ దట్టంగా కుట్టడం ఒకటి. నీళ్లలో కరిగే పల్చటి పొర మీద కుట్టి, ఆ తర్వాత తడిపి పొరను మాయం చేయడం రెండోది. రెండూ కంప్యూటర్ తెచ్చిన తెలివితేటలే అనిపిస్తాయి. నిజానికి రెండింటి మూలాలూ పంతొమ్మిదో శతాబ్దంలో ఉన్నాయి, అదీ ఎక్కువగా ఆడవాళ్ల ఇళ్లలో.

తూర్పు స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్ యంత్ర ఎంబ్రాయిడరీకి పేరుమోసిన పట్టణం. 1828లో ములూజ్‌లో జోస్యూ హైల్‌మన్ చేత్తో నడిపే ఎంబ్రాయిడరీ యంత్రం తయారుచేశాడు. శతాబ్దం మధ్యకల్లా దాన్ని బాగుచేసి వ్యాపారంగా నిలబెట్టింది సెయింట్ గాలెన్ ప్రాంతంవాళ్లే. నిలువుగా బిగించిన గుడ్డకు ఇరువైపులా వరసల్లో వందల సూదులకు చోటుండేది. సూదికి రెండు వైపులా మొన, కన్ను నడుమ. యంత్రం ముందు కూర్చున్నతను ఎడమచేత్తో పాంటోగ్రాఫ్ మొనను పెద్దగా గీసిన డిజైను మీద నడిపేవాడు. కుడిచేతికి తిప్పే పిడి, కాళ్లకు తొక్కుడుబద్దలు. అతను ఒక్క కుట్టు వేస్తే వందల సూదులూ అదే కుట్టు వేసేవి. కూలి నూరు కుట్లకు ఇంత అని. అతన్ని కుట్టేవాడు అన్నారు. చరిత్ర పుస్తకాలూ అలాగే అన్నాయి.

మరి ఆ సూదుల్లోకి దారం ఎవరు ఎక్కించారు? ఒక్కో సూదికి మీటరుకు అటూఇటూగా దారం పట్టేది. అదయిపోతే అన్ని సూదులకూ మళ్లీ ఎక్కించాలి. ఇది కుట్టేవాడి భార్య పని, పిల్లల పని, లేదంటే తక్కువ కూలికి పెట్టుకున్న అమ్మాయి పని. ఆమెను జర్మన్‌లో ఫెడ్లెరిన్ అంటారు, అంటే దారమెక్కించే ఆమె. భార్యే అయితే కూలి ప్రసక్తే లేదు, అది ఇంటిపనిలో కలిసిపోయింది.

1877లో స్విట్జర్లాండ్ ఫ్యాక్టరీల చట్టం చేసింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఫ్యాక్టరీ పనిలో పెట్టకూడదంది. రోజుకు పదకొండు గంటలకు మించి పని చేయించకూడదంది. కాన్పు ముందూ వెనకా కలిపి ఎనిమిది వారాలు ఆడవాళ్లను ఫ్యాక్టరీ పనికి రానివ్వకూడదంది. ఆ కాలానికి గొప్ప చట్టమే, కాదనలేం. కానీ అది ఇంటి గడప దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో యంత్రాలు పెద్ద సంఖ్యలో ఫ్యాక్టరీల నుంచి ఇళ్లలోకి చేరాయి. ఇంట్లో పిల్లవాడి వయసు అడిగేవాళ్లు లేరు, రాత్రి ఎన్ని గంటల దాకా దీపం వెలిగిందో చూసేవాళ్లూ లేరు. ఒక సంస్కరణ ఆడవాళ్ల రోజును పొడిగించడం చరిత్రలో ఇదొక్కసారే జరిగిందనుకోను.

ఇక అంచు సంగతి. లోపావడాలకూ పిల్లల గౌన్లకూ దిండు గలేబులకూ అప్పట్లో అలల అంచు పట్టీలు కావాలి. యంత్రం అల మలుపు వెంట కాజా కుట్టు లాంటిది వేసి వదిలేస్తుంది. గుడ్డ మాత్రం అల అవతల అలాగే మిగులుతుంది. దాన్ని సన్నకత్తెరతో, ఒక్క కుట్టు కూడా తెగకుండా, గజాల కొద్దీ కత్తిరించడానికి ఇళ్లలో వేరే ఆడవాళ్లుండేవాళ్లు. యంత్రం వదిలేసిన కుట్లను వెతికి పూరించే వాళ్లు మరికొందరు. సరుకు పారిస్, న్యూయార్కులకు చేరేటప్పటికి వీళ్ల పని కనపడకపోవడమే వీళ్ల పనితనం.

1880లలో రసాయన లేసు వచ్చింది. పట్టుగుడ్డ మీద నూలుదారంతో కుట్టి, రసాయన ద్రావణంలో ముంచితే పట్టు కరిగి, నూలు కుట్టు మాత్రం లేసులా మిగిలేది. కత్తెర అక్కర్లేని అంచు! ఇవాళ్టి నీటిపొర దీని మనవరాలే. అయితే ఇక్కడో చిక్కుంది. గుడ్డ మీద ఒక కుట్టు తప్పితే మచ్చ. గుడ్డే లేనప్పుడు ఒక కుట్టు తప్పితే పువ్వే విడిపోతుంది. కత్తెర పట్టిన చోట సూది వచ్చిందంతే.

ఎంబ్రాయిడరీ మీద స్త్రీవాద చర్చ అనగానే రోజికా పార్కర్ 1984 నాటి పుస్తకం గుర్తొస్తుంది. అందులో కుట్టు అంటే ప్రధానంగా చేతికుట్టు, దానితో అల్లుకున్న స్త్రీత్వం. యంత్రం పక్కన నిలబడ్డ స్త్రీని అర్థం చేసుకోవడానికి నాకు మరియా మీస్ ఎక్కువ పనికొచ్చింది. నర్సాపురం లేసు కార్మికుల మీద 1982లో వచ్చిన ఆమె పుస్తకం మనకు కొత్త కాదు. ఎగుమతి సరుకు తయారుచేస్తున్నవాళ్లను గృహిణులనీ, వాళ్ల శ్రమను తీరికవేళ కాలక్షేపమనీ పిలవడం వల్లే ఆ కూలి అంత తక్కువలో నిలిచిందని ఆమె చూపించింది. నర్సాపురంలో క్రోషియా సూదీ, సెయింట్ గాలెన్‌లో వందల సూదుల యంత్రం. పరికరాల్లో పోలికే లేదు, పిలుపు మాత్రం ఒక్కటే.

1863లో ఇజాక్ గ్రోబ్లీ చిన్న పడవ ఆకారపు నాడెతో, తెగకుండా సాగే దారంతో నడిచే షిఫ్లీ యంత్రం కనిపెట్టాడు. 1898లో అతని కొడుకు చిల్లుల కార్డుతో దాన్ని దానంతటదే నడిచేలా చేశాడు. డిజైను వెంట మొన నడిపే మగవాడి నైపుణ్యం కార్డులోకి వెళ్లిపోయింది. నాడెల్లో దారం నింపడం, తప్పిన కుట్లు పూరించడం మాత్రం ఆడవాళ్ల దగ్గరే ఉండిపోయాయి. 1910 ప్రాంతంలో ఎంబ్రాయిడరీ స్విట్జర్లాండ్ ఎగుమతుల్లో మొదటి స్థానంలో ఉంది. మొదటి ప్రపంచయుద్ధంతో, మారిన ఫ్యాషన్‌తో అదంతా కూలింది.

మన రెడీమేడ్ దుస్తుల పరిశ్రమలో మిగులు దారాలు తుంచే పని నేటికీ పీసు లెక్కన ఇళ్లకు వెళుతోంది. ఇంటి నుంచి చేసే పనికి మిగతా కూలీలతో సమానమైన గుర్తింపు ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక తెచ్చింది. దాన్ని ఆమోదించిన దేశాలు కొద్దే. భారతదేశం వాటిలో లేదు.