పామర్ కంపెనీ ఋణాలు – ఉత్తర సర్కారుల పేష్కష్

పాలకుని బంధుత్వం ప్రజాధనాన్ని ఎట్లా హరిస్తుందో నిజాం రాజ్యంలోని పామర్ కంపెనీ ఉదంతం తెలియజేస్తుంది. స్వదేశీ రాజులకు ఆంగ్లేయులు అనుమతి లేకుండా అప్పులివ్వరాదని 1797 నాటి బ్రిటిష్ చట్టం శాసించింది. అయినా 1816లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ఈ కంపెనీకి మినహాయింపునిచ్చాడు. ఆయన సంరక్షణలోని యువతిని వివాహమాడిన విలియం రంబోల్డ్ అందులో భాగస్వామి. పేష్కారు చందూలాల్ అధిక వడ్డీకి అప్పులు తెచ్చాడు. 1820లో మంజూరైన 60 లక్షల రూపాయల ఋణంలో అధికభాగం పాత బాకీల మార్పిడేనని, భాగస్వాముల లాభం కూడ అందులో చేరిందని రెసిడెంటు మెట్కాఫ్ బయటపెట్టాడు. ఆ బాకీ తీర్చడానికి ఉత్తర సర్కారులకుగాను ఈస్టిండియా కంపెనీ ఏటా చెల్లించే 7 లక్షల రూపాయల పేష్కష్‌ను 1823లో నిజాం శాశ్వతంగా వదులుకున్నాడు. తెలుగు జిల్లాల మూలంగా రాజ్యానికి దక్కే ఆదాయం ఈ విధంగా పాలకుని ఆశ్రితుల ఖాతాలో జమ అయింది.