దేశం కాని దేశానికి ఒక ఫుట్‌బాల్ టీమ్

సార్‌లాండ్ అని ఒక దేశం ఉండేది. దేశం అనొచ్చా అంటే అదీ డౌటే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జర్మనీ నుంచి విడదీసి ఫ్రాన్స్ తన చేతికింద పెట్టుకున్న చిన్న బొగ్గుగనుల ప్రాంతం అది. జనాభా పది లక్షల లోపే. కానీ 1950లో ఫిఫా దానికి సభ్యత్వం ఇచ్చింది. 1954 వరల్డ్ కప్ క్వాలిఫయింగ్‌లో ఆడింది కూడా. గ్రూపులో ఎవరు పడ్డారనుకున్నారు? పశ్చిమ జర్మనీ! నిన్నటిదాకా తామున్న దేశంతోనే మ్యాచ్ అన్నమాట. ఓస్లో వెళ్లి నార్వేని 3–2తో ఓడించారు, జర్మనీ చేతిలో రెండుసార్లూ ఓడిపోయారు. 1957 జనవరి 1న సార్‌లాండ్ మళ్లీ పశ్చిమ జర్మనీలో కలిసిపోయింది, టీమ్ కథ కూడా అక్కడితో సరి. దాని కోచ్ హెల్ముట్ షోన్ మాత్రం తర్వాత పశ్చిమ జర్మనీకి కోచ్ అయ్యి 1974లో వరల్డ్ కప్పే గెలిపించాడు.

ఇలాంటి చిన్న టీముల చరిత్రలు చదవడం నాకో పిచ్చి. రాత్రి డిప్లాయ్‌మెంట్ నడుస్తుంటే, పక్క ట్యాబ్‌లో ఫారో దీవులో శాన్ మారినోనో ఉంటుంది. సార్‌లాండ్ గురించి చదువుతుంటే తేదీల దగ్గర ఆగిపోయాను. 1950 నుంచి 1956. ఈ తేదీలు ఎక్కడో చూసినట్టుందే అనిపించింది. చూసింది మన ఊళ్లోనే.

హైదరాబాద్ స్టేట్‌ని చిన్నదనడానికి లేదు. గ్రేట్ బ్రిటన్ దీవికి దాదాపు సమానమైన విస్తీర్ణం, సొంత కరెన్సీ, సొంత రైల్వే, సొంత తపాలా బిళ్ల. కానీ ఫుట్‌బాల్ లెక్కల్లో అది నిజంగానే చిన్న దేశం. ఎందుకంటే ఆడింది స్టేట్ మొత్తం కాదు. పాతబస్తీ, దాని చుట్టుపక్కల బడులు, మూసీకి ఇవతల సికింద్రాబాద్ కంటోన్మెంట్, అంతే. ఫిఫా సభ్యత్వం ఊసే లేదు. 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చాక ప్రత్యేక దేశమనే మాటా పోయింది. 1956 నవంబర్ 1న రాష్ట్రాన్ని భాషల లెక్కన మూడు ముక్కలు చేశాక హైదరాబాద్ స్టేట్ అన్న పేరూ పోయింది. సరిగ్గా ఈ రెండు తేదీల మధ్యలోనే ఆ ఊరి టీమ్ ఇండియాలో ఎవరికీ చిక్కకుండా ఆడింది.

టీమ్ పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. 1950 నుంచి 1954 వరకూ బొంబాయిలో రోవర్స్ కప్ వరుసగా అయిదేళ్లు గెలిచింది. 1891లో మొదలైన ఆ టోర్నమెంటు చరిత్రలో ఇంకెవరూ అలా గెలవలేదు. ఢిల్లీలో డ్యూరాండ్ కప్ కూడా 1950లో, 1954లో, 1957లో ఎగరేసుకొచ్చింది. కలకత్తా క్లబ్బులంటే దేశమంతా హడలిపోయే రోజులవి.

ఈ స్కోర్లు కాసేపు పక్కన పెట్టి ఆ మొదటి సంవత్సరం చూడండి. 1950. సైనిక చర్యకి ప్రభుత్వం పెట్టిన ముద్దుపేరు ‘పోలీస్ యాక్షన్’. ఆ తర్వాత జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హింస గురించి సుందర్‌లాల్ కమిటీ రిపోర్టు ఇచ్చింది. చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అని దాని అంచనా. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు బయటికి రాలేదు. నిజాం కొలువుల్లో ఉన్న కుటుంబాలు ఉద్యోగాలు పోగొట్టుకున్నాయి, చాలామంది పాకిస్తాన్ వెళ్లిపోయారు. అలాంటి ఊరి నుంచి రెండేళ్లకే నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్ లాంటి పేర్లున్న కుర్రాళ్లు, ఛాతీ మీద ‘పోలీస్’ అన్న పేరుతో, బొంబాయి వెళ్లి కప్పు పట్టుకొచ్చారు. మరుసటి ఏడు, 1951లో, ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇండియా ఫుట్‌బాల్ స్వర్ణం గెలిచింది. ఆ జట్టులో నూర్, అజీజ్ ఉన్నారు. రెండున్నరేళ్ల కింద వాళ్ల ఊరు వేరే జెండా కింద ఉంది. దీన్ని ఎవరైనా నవలగా రాసుంటే ‘మరీ కుదిరించినట్టుంది’ అని రివ్యూలో నేనే విసుక్కునేవాణ్ని.

టీముకీ ఇండియాకీ కోచ్ ఒకరే, సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. ఉర్దూ మీడియంలో నడిచే ఉస్మానియాలో చదివారు, కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు లాంటి బడుల్లో పంతులుగా పనిచేశారు. ఈ పంతులుతనమే ఆయన అసలు విద్య అని నాకనిపిస్తుంది. పిల్లలకి డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నమెంట్లు పెట్టేవారట. బంతి కాలికి తగిలిందా, వెంటనే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. ఎడమ కాలు బలహీనమైతే ఎడమ కాలితో మాత్రమే ఆడాలి. ఇది ప్రతిభ కోసం వెతికేవాడి పద్ధతి కాదు, హోంవర్క్ ఇచ్చేవాడి పద్ధతి. సెంటర్ ఫార్వర్డ్‌ని కొంచెం వెనక్కి లాగి ఆడించడం లాంటి యూరప్ ఎత్తులు ఆయన చేతిలో ఇక్కడ పిల్లలకి అర్థమయ్యే పాఠాలయ్యాయి.

పాఠాలు అన్నీ తీపిగా లేవు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఇండియా యుగొస్లావియా చేతిలో 10–1తో ఓడింది. మనవాళ్లలో చాలామంది ఉత్తి కాళ్లతో ఆడారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఈ స్కోరు ఇప్పటికీ జోకుగా తిరుగుతుంది. నాలుగేళ్ల తర్వాత ఏమైందో మాత్రం జోకేసేవాళ్లకి తెలీదు.

1956 డిసెంబర్ 1, మెల్‌బోర్న్. ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో ఇండియా ఆతిథ్య ఆస్ట్రేలియాని 4–2తో ఓడించింది. మూడు గోల్స్ బొంబాయి కుర్రాడు నెవిల్ డిసౌజావి. జట్టులో హైదరాబాద్ వాళ్లు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌ పుట్టిందీ హైదరాబాదులోనే. సెమీస్‌లో యుగొస్లావియాతో 4–1, కంచు పతకం మ్యాచ్‌లో బల్గేరియాతో 3–0 ఓడి నాలుగో స్థానంలో నిలిచారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అప్పటిదాకా ఏ ఆసియా జట్టూ సెమీస్ దాకా రాలేదు. తేదీలు మరోసారి చూడండి. వాళ్ల రాష్ట్రం మాయమై ఆ రోజుకి సరిగ్గా నెల. సంతోష్ ట్రోఫీలో మాత్రం హైదరాబాద్ అన్న పేరు ఇంకా నడుస్తూనే ఉంది. 1956లో గెలిచారు. 1957లో మళ్లీ గెలిచేనాటికి మ్యాపులో ఆ పేరుతో రాష్ట్రమే లేదు. సార్‌లాండ్ వాళ్లు కనీసం టైముకి దుకాణం కట్టేశారు.

బలరాం దగ్గర కాసేపు ఆగుతాను. ఆగడానికి నాకో కారణం ఉంది. నేనుండేది పేట్ బషీరాబాద్‌లో. పెరిగింది కరీంనగర్ కాబట్టి ఫుట్‌బాల్ అంటే నాకు టీవీలో చూసేదే. ఒకసారి మా టీమ్‌లోని కలకత్తా అబ్బాయి, కొంపల్లి వైపు టర్ఫ్‌లో ఆడి వస్తూ, ‘బలరాం మీవాడే కదా?’ అన్నాడు. ఏ బలరాం అన్నాను. వాడు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. వాళ్ల తాతగారికి ఆ పేరు దేవుడి పేరంత. ఇంటికొచ్చి వెతికితే, బలరాం 1936లో పుట్టింది అమ్ముగూడలో. మేడ్చల్ ఎం.ఎం.టి.ఎస్. లైన్ మీద స్టేషన్ అది. మేడ్చల్ వైపు తర్వాతి స్టేషన్ పేరు కావల్రీ బ్యారక్స్. నా ఇంటి నుంచి ట్రాఫిక్ లేకపోతే బైక్ మీద అరగంట. మూడేళ్లుగా ఆ వైపు తిరుగుతున్నాను, ఒక్క బోర్డు మీదైనా ఆ పేరు నా కంట పడలేదు.

ఆ స్టేషన్ పేరులోనే ఆ ఆట ఎక్కణ్నుంచి వచ్చిందో ఉంది. తిరుమలగిరి, బొల్లారం, అమ్ముగూడ, అంతా మిలిటరీ చుట్టూ పెరిగిన బస్తీలు. పల్టన్లతో పాటు బంతి వచ్చింది, బంతితో పాటు మైదానాలు. ఆ బస్తీల్లో తమిళ కుటుంబాలు ఎక్కువ, బలరాం వాళ్లదీ అలాంటి పేద తమిళ కుటుంబమే. కుర్రాణ్ని రహీం సాబ్ చూశారు, ప్రాక్టీసుకి హైదరాబాద్ రమ్మన్నారు. రావడానికి డబ్బుల్లేవంటే సైకిల్ అద్దె తనే ఇచ్చారు. ఇరవై ఏళ్లకి మెల్‌బోర్న్, ఇరవై నాలుగు నిండేలోపు రోమ్. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఇండియా 2–1తో ఓడినప్పుడు మన ఒక్క గోల్ బలరాందే. పెరూ మీద 3–1తో ఓడినప్పుడూ ఆ ఒక్కటీ అతనిదే. మధ్యలో ఫ్రాన్స్‌తో 1–1 డ్రా. ఆ హంగరీ చివరికి కంచు పతకం గెలిచిన జట్టు. ఇండియా ఒలింపిక్ ఫుట్‌బాల్ ఆడటం అదే ఆఖరు.

1962 జకార్తా కథ సినిమా పుణ్యమా అని చాలామందికి తెలుసు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లని రానివ్వలేదని భారత అధికారి జి.డి. సోంధి అభ్యంతరం చెప్పడంతో జనం మన జట్టు మీద మండిపడుతున్నారు. రహీం సాబ్‌కి అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. తలకి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఆయన సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2–1, ఒక గోల్ పి.కె. బెనర్జీది, ఇంకోటి జర్నైల్‌ది. తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న, రహీం సాబ్ పోయారు.

2024లో వచ్చిన ‘మైదాన్’లో అజయ్ దేవగన్ ఆ సిగరెట్టు, ఆ దగ్గు, ఆ మౌనం బాగానే చేశాడు. నా గొడవ సినిమా నటనతో కాదు, అది ఖాయం చేసేసిన కథతో. ఒక్క మనిషి వచ్చాడు, కట్టాడు, పోయాడు, అన్నీ కూలిపోయాయి. మా ఆఫీసుల్లో దీన్నే బస్ ఫ్యాక్టర్ అంటాం. ఎంతమంది బస్సు కింద పడితే ప్రాజెక్టు ఆగిపోతుంది అన్న లెక్క. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కి ఆ లెక్క ఒకటి అని అందరూ నమ్ముతారు. కానీ తేదీలు అలా చెప్పట్లేదు. ఆంధ్రా పోలీస్ అని పేరు మారిన ఆ జట్టే 1963లో, అంటే ఆయన పోయిన ఏడాదే, మళ్లీ రోవర్స్ కప్ గెలిచింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మనవాళ్లు ఫైనల్లో బెంగాల్‌ని ఓడించి సంతోష్ ట్రోఫీ తెచ్చారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు గెలిచిన ఇండియా కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ఈ ఊరివాడే. అదే జట్టులో మహమ్మద్ హబీబ్. ఆ తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. మనుషులు పుడుతూనే ఉన్నారు, ఆట నేర్చుకుంటూనే ఉన్నారు.

మరి పోయిందేమిటి? నా లెక్కలో పోయింది జీతం. ఆ టీమ్ నిలబడ్డది పోలీసు ఉద్యోగం మీద. పేదింటి కుర్రాడికి నెల తిరిగేసరికి జీతం, తలదాచుకోను క్వార్టరు, పొద్దున్నే గ్రౌండు. దానికన్నా ఎక్కువ కలకత్తా ఇస్తానంది. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లాడు, 1961లో దానికి కెప్టెన్. నయీమ్ వెళ్లాడు, హబీబ్ వెళ్లాడు, షబ్బీర్ వెళ్లాడు, అమల్‌రాజ్ వెళ్లాడు. హైదరాబాద్ ఆటగాళ్లని తయారుచేసి పంపే ఊరైంది. ఇప్పుడు మనం ఇంజనీర్లని పంపుతున్నట్టే, కాకపోతే అప్పుడు విమానం బదులు రైలు. 1977లో పెలే కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు 2–2 డ్రాలో మోహన్ బగాన్ తరఫున ఒక గోల్ హబీబ్‌ది. చూసి చప్పట్లు కొట్టింది కలకత్తా.

ఇంకొకటి చెప్పాలి, ఇది కాస్త ఇబ్బందైన మాట. ఈ మనుషులు తెలుగులోకి రాలేదు. రహీం సాబ్ భాష ఉర్దూ, బలరాం ఇంట్లో తమిళం, వాళ్లని మోసుకు తిరిగిన పత్రికలు ఇంగ్లీషువీ బెంగాలీవీ. 1956 తర్వాత మనం ‘మన చరిత్ర’ అని రాసుకున్నది భాష చుట్టూ గీసుకున్న గీత లోపల. ఈ టీమ్ ఆ గీతకి అవతల పడింది. 2014లో కొత్త రాష్ట్రం వచ్చాక పాతవి చాలా తవ్వి తీశాం. బోనాలు వచ్చాయి, బతుకమ్మ వచ్చింది, పోరాటయోధుల విగ్రహాలు వచ్చాయి. మెల్‌బోర్న్ ఇంకా రాలేదు. నేను చదివిన తెలుగు కథల్లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ చాలాసార్లు తగిలింది కానీ అందులో బంతి తన్నే పిల్లాడు ఒక్కడూ కనపడలేదు. మీకెవరికైనా కనపడితే చెప్పండి, నిజంగానే అడుగుతున్నాను.

మధ్యలో ఒకసారి ఆశ పుట్టింది. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. పెట్టారు, 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐ.ఎస్.ఎల్. గెలిచింది కూడా. తర్వాత డబ్బులకి కటకట. 2025లో ఆ క్లబ్బు ఊరూ పేరూ మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఈసారి ఆటగాళ్లు కాదు, టీమే రైలెక్కింది.

2023లో ఇద్దరు పోయారు. ఆగస్టు 15న హబీబ్, హైదరాబాద్‌లో. అంతకు ఆర్నెల్ల ముందు, ఫిబ్రవరి 16న, బలరాం. అరవై ఏళ్లకు పైగా బెంగాల్లోనే ఉండిపోయి, చివరి రోజులు హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో గడిపి, కలకత్తా ఆస్పత్రిలో.