నాయకుడు పోయిన మర్నాడు

2009 సెప్టెంబరు 2, బుధవారం. పొద్దున్నుంచీ ఒకటే ముసురు. బేగంపేటలో లేచిన హెలికాప్టరు చిత్తూరు చేరలేదని టీవీలో చెప్పడం మొదలయ్యాక మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. మర్నాడు నల్లమల అడవిలో పావురాలగుట్ట దగ్గర శకలాలు కనబడ్డాయి. ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారూ, ఆయన వెంట ఉన్న నలుగురూ ఇక లేరని తేలింది. మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న ముసలావిడ మా గుమ్మంలో కూలబడి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, "అమ్మా, మరి నా రెండొందలూ ఇకనుంచి ఎవరిస్తారు?" అని అడిగింది. రెండొందలంటే ఆవిడకి నెల నెలా వచ్చే వృద్ధాప్య పింఛను.

అది స్వార్థమని నేననుకోలేదు. మనిషి పోయినందుకు ఏడ్చింది, గాసం పోతుందేమోనని భయపడింది. రెండూ నిజమే. నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, ఆ పూట జవాబు చెప్పలేకపోయాను. "వస్తుందిలే" అని కాఫీ ఇచ్చి పంపించాను. ఆ తర్వాత రేడియో ప్రసంగాల కోసం పాత పత్రికలు తిరగేసినప్పుడల్లా ఆ ప్రశ్న నా వెంటే వచ్చింది. ఇన్నాళ్ళకి జవాబు చెబుతున్నాను, వినండి.

ముఖ్యమంత్రి కన్నుమూస్తే చట్టం లెక్కలో ఆయన మంత్రివర్గం కూడా అక్కడితో సరి. మంత్రులంతా ఆయన సలహా మీద నియమితులైన వాళ్ళేగా మరి! కాని సభ పోదు. శాసనసభ ఆయుర్దాయం అయిదేళ్ళు. ఎవరూ రద్దు చేయకపోతే ఆ అయిదేళ్ళూ అది ఉంటుంది. స్పీకరు ఉంటారు, గవర్నరు ఉంటారు, కచేరీలు తెరిచే ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఏటి ఖర్చులకి సభ ముందే చేతులెత్తి ఆమోదం తెలిపి ఉంటుంది. మార్చి 31 దాకా ఆ డబ్బుకి ఢోకా లేదు. అంటే మా ఇస్త్రీ ఆవిడ రెండొందలూ నాయకుడు జేబులోంచి తీసి ఇచ్చినవి కావు, సభ మంజూరు చేసినవి. ఆవిడ పింఛను నిలబడాలంటే సభ నిలబడాలి. సభ నిలబడాలంటే, పోయినాయన తర్వాత ఎవరి వెంట ఎంతమంది ఉన్నారో అక్కడ తేలాలి.

ఇది చెప్పినంత సులువు కాదని మన పొరుగున ఉన్న మద్రాసు కథ చూస్తే తెలుస్తుంది. ఒకే కోటలో, సెంట్ జార్జి కోటలో, ఒకే సభకి ఈ కష్టం మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ మూడు రకాలుగా గడిచింది.

మొదటిసారి 1969లో. మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అన్న పేరు ఆ ఏడు జనవరి 14న వచ్చింది. ఆ పేరు కోసం పట్టుబట్టిన ముఖ్యమంత్రి అన్నాదురై మూడు వారాలైనా తిరక్కుండానే ఫిబ్రవరి 3న కేన్సరుతో పోయారు. వెంటనే మంత్రుల్లో పెద్దవాడైన నెడుంచెళియన్ తాత్కాలికంగా ముఖ్యమంత్రి అయ్యారు. మన తెలుగులో దీనికి చక్కని మాట ఉంది, ఆపద్ధర్మ ముఖ్యమంత్రి అంటాం. రాజ్యాంగంలో వెతికితే ఆ పదవి కనబడదు. ఆపద వచ్చినప్పుడు పాటించే ధర్మం, అంతే. ఢిల్లీలో గుల్జారీలాల్ నందాగారు ఇలాగే రెండుసార్లు ప్రధాని కుర్చీ కాచారు. 1964 మేలో నెహ్రూ పోయినప్పుడు ఒకసారి, 1966 జనవరిలో శాస్త్రిగారు పోయినప్పుడు ఇంకోసారి. రెండుసార్లూ రెండేసి వారాలు కూర్చుని లేచి వెళ్ళిపోయారు.

నెడుంచెళియన్‌గారు మాత్రం తానే నిలుస్తానని ఆశపడ్డారు. ఎవరికుండదు ఆశ? కాని డి.ఎం.కె. సభ్యులు కూర్చుని కరుణానిధిని నాయకుడుగా ఎన్నుకున్నారు. అప్పటికి సినిమా హీరోగా, అదే పార్టీ సభ్యుడుగా ఉన్న ఎం.జి. రామచంద్రన్ కూడా కరుణానిధి వైపే నిలబడ్డారు. ఫిబ్రవరి 10న కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేశారు. వారం రోజుల్లో అంతా సర్దుకుంది. అలకలుంటే ఉండనీండి, సభ ఎక్కడా తొణకలేదు.

రెండోసారి అలా జరగలేదు. ఇక్కడ కాస్త ఆగుదాం.

ఎం.జి.ఆర్. తర్వాత వేరుపడి అన్నా డి.ఎం.కె. పెట్టి, 1977లో ముఖ్యమంత్రి అయ్యారు. 1984లో జబ్బుపడి అమెరికా ఆసుపత్రిలో ఉండగానే ఆండిపట్టి నుంచి గెలిచారు. మొత్తం 234 స్థానాల్లో ఆయన పార్టీకి 132 వచ్చాయి. చికిత్స నుంచి తిరిగొచ్చినా మాట సరిగా తిరిగేది కాదు. అయినా తన తర్వాత ఎవరన్నది ఆయన తేల్చి చెప్పలేదు. 1987 డిసెంబరు 24 తెల్లవారుజామున రామావరం తోటలో ప్రాణం పోయింది. మళ్ళీ నెడుంచెళియనే ఆపద్ధర్మ ముఖ్యమంత్రి! పద్ధెనిమిదేళ్ళ తర్వాత అదే మనిషి, అదే కుర్చీ.

రాజాజీ హాలులో పార్థివదేహం తలవైపున జయలలిత రెండు రోజులు గంటల తరబడి కదలకుండా నిలబడింది. మన తెలుగు సినిమాల్లో రామారావుగారి పక్కనా, నాగేశ్వరరావుగారి పక్కనా చూసిన ఆ జయలలితే. అంతిమయాత్ర బండి ఎక్కబోతే ఆవిణ్ణి కిందికి తోసేశారు. ఇంకోవైపు భార్య జానకమ్మ. కేరళలో వైకోంలో పుట్టిన మనిషి, ఒకప్పుడు ఆయన పక్కన హీరోయినుగా వేసింది. పెళ్ళయ్యాక సినిమాలు మానేసి ఇల్లు చూసుకుంది. అంతవరకూ ఏ పదవీ ఎరగదు, సభలో సభ్యురాలు కూడా కాదు.

ఆర్.ఎం. వీరప్పన్ వంటి మంత్రులు జానకమ్మని ముందుకి తెచ్చారు. నెడుంచెళియన్ పక్షం జయలలితతో కలిసింది. 97 మంది సభ్యులు జానకమ్మ వెంట ఉన్నారన్న లెక్కతో గవర్నరు ఖురానా ఆవిణ్ణి పిలిచారు. 1988 జనవరి 7న ప్రమాణం. భర్త పోయి సరిగ్గా పద్నాలుగు రోజులు! మనిళ్ళల్లో అయితే అప్పటికి ఆవిడ గడప దాటడానికే పదిమందీ పది మాటలంటారు. నేను ఆ ఆచారాన్ని సమర్థించడం లేదు. కాని ఆ కుర్చీ ఆవిడ కోరుకున్నదా, లేక ఎవరి కోసమో ఆవిణ్ణి కూర్చోబెట్టారా అన్న అనుమానం నన్ను వదలదు. విధవరాలి కన్నీరు చూపిస్తే సభ్యులు చెదిరిపోరని లెక్కవేసిన వాళ్ళు మగవాళ్ళే. తమిళనాడుకి మొదటి మహిళా ముఖ్యమంత్రి వచ్చిన తీరు ఇదీ.

ఆడది కాబట్టి చేతకాలేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. 1973 ఆగస్టులో గోవా ముఖ్యమంత్రి బందోద్కర్ హఠాత్తుగా పోతే ఆయన కూతురు శశికళా కకోడ్కర్ ఆ బాధ్యత ఎత్తుకుంది, 1979 దాకా నడిపింది. ఆవిడ అంతకు ముందే సభలో కూర్చుని, మంత్రిగా పని నేర్చిన మనిషి. జానకమ్మకి ఆ వెసులుబాటు ఎవరిచ్చారు?

సరే, లెక్కకి వద్దాం. 234లో సగం దాటాలంటే 118 కావాలి. ఉన్నది 97. కాంగ్రెసుకి అరవై మంది పైచిలుకు ఉన్నారు, వాళ్ళు సాయపడితే గట్టెక్కుతుంది. మూడు వారాల్లో బలం చూపించమని గవర్నరు గడువు పెట్టారు. ఆ మూడు వారాలూ సభ్యుల్ని దాచడాలు, కాయడాలు, బేరాలు. చివరికి కాంగ్రెసు సాయపడలేదు.

జనవరి 28న సభ కూడింది. స్పీకరు పి.హెచ్. పాండియన్ జానకి పక్షంవారు. పార్టీ ఫిరాయించిన వారి సభ్యత్వం పోయే చట్టం 1985లో వచ్చింది. అప్పటి చట్టంలో పార్టీ సభ్యుల్లో మూడో వంతు ఒక్కసారి విడిపోతే దాన్ని చీలిక అంటారు, సభ్యత్వం పోదు. 132లో మూడో వంతంటే 44. జయలలిత వైపున్నవాళ్ళు అంతమంది లేరు. ఎవరు సభ్యులు, ఎవరు కారు అని చెప్పే అధికారం స్పీకరుది. ఆ గొడవతోనే సభ భగ్గుమంది. మైకులు ఊడాయి, చెప్పులు లేచాయి, తలలు పగిలాయి. పోలీసులు సభలోకే వచ్చి లాఠీలు ఝళిపించారు. ఆ గందరగోళం మధ్యనే ప్రభుత్వం నెగ్గిందని స్పీకరు ప్రకటించారు. లెక్కపెట్టవలసిన చోట లెక్క సాగలేదు, అదీ జరిగింది.

జనవరి 30న రాష్ట్రపతి పాలన వచ్చింది, సభ రద్దయింది. జానకమ్మ పాలన 24 రోజులు. ఆ ఏడాది తమిళనాడు బడ్జెట్టు మద్రాసు కోటలో కాదు, ఢిల్లీలో పార్లమెంటు ముందుకి వెళ్ళింది. మదురై పల్లెలో ముసలమ్మ పింఛనుకీ, బళ్ళో పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఎంత ఖర్చుపెట్టాలో ఏడాదిపాటు ఢిల్లీ పెద్దలు నిర్ణయించారు. డబ్బు ఆగలేదు, నిజమే. కాని ఆ ముసలమ్మ ఓటేసి పంపిన మనిషికి మాట్లాడే చోటే లేకుండా పోయింది.

1989 జనవరి 21న ఎన్నికలు. రెండాకుల గుర్తు ఎవరికీ దక్కలేదు. జయలలితకి కోడిపుంజు, జానకమ్మకి జంట పావురాలు. పదమూడేళ్ళ తర్వాత కరుణానిధి తిరిగి గెలిచారు. జయలలిత పక్షానికి 27 స్థానాలు. జానకి పక్షం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, భర్తని ఆసుపత్రి మంచం మీద ఉండగానే గెలిపించిన ఆండిపట్టిలో ఆవిడే ఓడిపోయింది. తర్వాత పార్టీని కలిసిపోనిచ్చి రాజకీయాలు మానేసింది. అంత హుందాగా తప్పుకున్న మగవాణ్ణి నేనింకా చూడలేదు. 1996లో పోయింది. నెడుంచెళియన్‌గారు 1991లో జయలలిత మంత్రివర్గంలో ఆర్థికమంత్రి అయ్యారు. రెండుసార్లు కుర్చీ కాచిన ఆయనకి అది సొంతంగా ఎప్పుడూ దక్కలేదు.

మూడోసారి జయలలితదే. 2016 డిసెంబరు 5 రాత్రి ఆవిడ పోతే, తెల్లారకుండానే పన్నీర్‌సెల్వం చేత ప్రమాణం చేయించారు. చేయించిన గవర్నరు మన కరీంనగర్ వారు, విద్యాసాగరరావుగారు. ఫిబ్రవరికి మళ్ళీ చీలిక, మళ్ళీ సభ్యుల్ని దాచడం. 2017 ఫిబ్రవరి 18న సభలో మళ్ళీ రభస, ప్రతిపక్షాన్ని బయటికి మోసుకుపోయారు, ప్రతిపక్ష నాయకుడు స్టాలిన్ చిరిగిన చొక్కాతో బయటికొచ్చారు. అదేమీ ముచ్చటైన దృశ్యం కాదు. కాని ఈసారి సభ్యుల్ని వరసల వారీగా నిలబెట్టి లెక్కపెట్టారు. పళనిస్వామికి 122, వ్యతిరేకం 11. ప్రతిపక్షం లేని సభలో ఆ లెక్కేమిటని అడిగినవాళ్ళున్నారు, అడగవలసిందే. అయినా ఆ అంకె మీదే ఆ ప్రభుత్వం 2021 మే దాకా నడిచింది. బడ్జెట్లు మద్రాసులోనే చదివారు.

ఇక మన దగ్గర. 2009లో 294 స్థానాల సభలో కాంగ్రెసుకి 156 ఉన్నాయి. ముఖ్యమంత్రి పోయిన కబురు తెలిసిన రోజునే, సెప్టెంబరు 3న, గవర్నరు నారాయణదత్త తివారీ ఆర్థికమంత్రి రోశయ్యగారి చేత ప్రమాణం చేయించారు. రోశయ్యగారు శాసనమండలి సభ్యులు, బడ్జెట్లు చదివి చదివి పండిన మనిషి. సభ్యుల్లో ఎక్కువమంది పోయినాయన కొడుకు జగన్మోహనరెడ్డి కావాలని సంతకాలు పెట్టారు. ఆ పార్టీ పెద్దలు ఢిల్లీలో కూర్చుని ఒప్పుకోలేదు. అది న్యాయమా కాదా అన్నది ఇవాళ్టికీ మా ఇంట్లో భోజనాల దగ్గర తెగని తగువు. మా వారిదో మాట, మా మరిదిదో మాట. రోశయ్యగారు పద్నాలుగు నెలలు పైన నడిపి 2010 నవంబరు 24న దిగిపోయారు. మర్నాడు స్పీకరు కుర్చీలో ఉన్న కిరణ్‌కుమార్ రెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. లోపల ఎన్ని కోపాలున్నా 156 మందీ ఒక లెక్కలో ఉన్నట్టే కనబడ్డారు, సభ కూలలేదు. రోశయ్యగారు తర్వాత తమిళనాడుకే గవర్నరుగా వెళ్ళడం చూస్తే నాకు చిత్రంగా ఉంటుంది. ఆ కోట కథ ఆయనకి నాకంటే బాగా తెలిసే ఉంటుంది.

నెల తిరిగాక ఇస్త్రీ ఆవిడ బట్టలు తెచ్చింది. చెంగు ముడి విప్పి రెండు వందనోట్లు చూపించింది. "వచ్చినయ్యమ్మా" అని, మళ్ళీ ముడి వేసుకుంటూ, "ఇప్పుడున్నాయన పేరేంటి?" అని అడిగింది. చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకుంది. తర్వాత మా వారి చొక్కాకి బొత్తాం ఊడిందని చెప్పి వెళ్ళిపోయింది.