గోదావరికి ఎదురు ప్రయాణం: మెండోర నుంచి కందకుర్తి దాకా

చీకటి ఉండగానే మెండోర దాటండి. భాద్రపదం నడుస్తోంది. రోడ్డుకు రెండు దిక్కులా పసుపు చేన్లు నడుమెత్తు పెరిగాయి, వెడల్పాటి ఆకుల మీద రాత్రి వాన తడి ఇంకా ఆరలేదు. మధ్యమధ్య మక్క చేన్లు, కంచె పక్కన కట్టేసిన బర్రెలు. అద్దం దించండి. ముందు నుంచి ఏదో పెద్ద లారీ వస్తున్న చప్పుడు. పక్కకు జరిగి ఆగుతారు. లారీ రాదు, చప్పుడు తగ్గదు. అది పోచంపాడ్. శ్రీరాంసాగర్ ఆనకట్ట గేట్లెత్తారు.

దగ్గరికి వెళ్లే కొద్దీ గాలి చల్లబడుతుంది. ముఖం మీద సన్నని తుంపర పడుతుంది, మబ్బు వైపు చూస్తే వాన లేదు. దిగువన నిలబడి తలెత్తండి. మొత్తం 42 గేట్లు. ఎత్తిన ప్రతి గేటు కింద నుంచీ మట్టిరంగు నీళ్లు దూకి, కింద రాతి మీద విరిగి, తెల్లటి పొగలా లేస్తున్నాయి. పక్కన నిలబడ్డ మనిషితో మాట్లాడాలంటే చెవి దగ్గర అరవాలి. వరద మరీ ఉధృతంగా ఉన్న రోజు కట్ట మీదికి పోలీసులు వదలరు. వదిలిన రోజు ఎక్కి అటువైపు చూడండి. ఒక దిక్కు ఈ హోరు, రెండో దిక్కు కనుచూపు ఆగేదాకా కదలని నీళ్లు. ఒకే నది, నడుమ ఒక గోడ.

ఈ గోడకు 1963 జూలై 26న జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడు మే నెలలో ఆయన కన్నుమూశారు. కట్టడం పూర్తి కావడానికి ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్లు పట్టింది. పూర్తి నీటిమట్టం 1091 అడుగులు. తెలంగాణలో రైతు ఇళ్లలో పెద్దవాళ్లకు ఈ అంకె నోటికొచ్చు. పేపర్ విప్పగానే వాళ్ల చూపు మొదట పడేది దాని మీదే. కట్టినప్పుడు 112 టీఎంసీలు పట్టేది. గోదావరి ఏటా మోసుకొచ్చే పూడిక పేరుకుని, ఆ లెక్క మొదట తొంభైకి, ఇప్పుడు ఎనభై చిల్లరకు దిగింది. మీ ముందున్న ఈ నిండు సముద్రం అడుగున మట్టి ఏటేటా లేస్తోంది. చూసి మురిసిపోయే చోటే ఈ సంగతి కూడా తెలియాలి.

కుడి దిక్కున కాకతీయ కాలువ మొదలవుతుంది. దాని మొదట్లోనే 36 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది. నీళ్లు ముందు కరెంటు ఇచ్చి, ఆ తర్వాత పొలానికి పోతాయి. కాలువ పొడవు 284 కిలోమీటర్లు. జగిత్యాల, కరీంనగర్ దాటి వరంగల్ దాకా పోతుంది. ఎడమ ఒడ్డు నుంచి సరస్వతి కాలువ నిర్మల్ వైపు సాగుతుంది. వరద మిగిలితే మధ్యమానేరుకు తీసుకుపోయే వరద కాలువ వేరే ఉంది. కాలువ గట్టు మీద కాసేపు నడవండి. చప్పుడు లేకుండా, తొందర తెలియకుండా, నిండుగా పోతుంటుంది నీరు. ఇక్కడ తలుపు తీస్తే అక్కడెక్కడో చివరి ఆయకట్టులో ఒక మనిషి చెవి ఒగ్గి ఎదురుచూస్తుంటాడని గుర్తొస్తే, అందమైన చోటు అని మాత్రమే చూసి వెళ్లిపోవడం కుదరదు.

నీళ్లకు అడ్డంగా చూస్తే ఖాళీ జాగాలా ఉంది కదా, అది ఖాళీ జాగా కాదు. ఆ అడుగున ఊళ్లున్నాయి. అటు ఆదిలాబాద్, ఇటు నిజామాబాద్ పల్లెలు ముల్లె సర్దుకుని గడ్డకు వచ్చి కొత్తగా కట్టుకున్నాయి. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయినప్పుడు పాత గుడి గోడలు, బావుల గట్లు బయటపడతాయి. ముసలివాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని పోయి, ఇదిగో మన వాకిలి ఇక్కడే ఉండేదని చూపిస్తారు. ఆ తేలిన నేల మీద, నందిపేట వైపు బ్యాక్‌వాటర్ పచ్చికలో, కృష్ణజింకలు మేస్తాయి. చలికాలం వలస పక్షులు దిగుతాయి. అప్పుడు రాదలచుకుంటే మనుషులు నడిచే బాట మీదే ఉండండి. జింకల వెనక బండి ఉరికించే వాళ్లను చూస్తే ఆపండి.

ఎండ ముదిరింది. దిగువన చేపల కొట్ల దగ్గర నూనె కాగుతోంది. "అన్నా, పొద్దుగాల పట్టినయే, గిప్పుడే నూనెల కెల్లి తీసిన, తిని చూడు" అంటుంది అక్క. కారం పట్టించి కరకర వేయించిన ముక్క, పక్కన ఉల్లిగడ్డ, నిమ్మ బద్ద. చెయ్యి కాలుతుంది, ఆగలేరు.

ఇక్కడి నుంచి ఉత్తరానికి పోతే సోన్ దగ్గర గోదావరి దాటుతారు. కొత్త వంతెన మీద నుంచి నిజాం కాలపు పాత రాతి వంతెన కనిపిస్తుంది. ఆవల నిర్మల్ కోట బురుజులు, పొనికి కర్రతో బొమ్మలు చెక్కే వాళ్ల ఇళ్లు. దానికి ఒక రోజు వేరే పెట్టుకోండి. ఈ రోజు మన దారి దక్షిణానికి, ఆ తర్వాత పడమటికి, నది వచ్చిన దిక్కుకు.

బాల్కొండలో ఊరి మధ్య గుట్ట మీద ఖిల్లా ఉంది. ఎక్కి నాలుగు దిక్కులు చూసి దిగండి. ఆర్మూరు చేరేసరికి రోడ్డు పక్క నుంచే నల్లటి బండలు మొదలవుతాయి. సిద్ధుల గుట్ట. బండ మీద బండ, దాని మీద మరో బండ. ఎవరో పేర్చినట్టు ఉంటాయి. ఎవరూ పేర్చలేదు. ఎండకు ఉబ్బి, చలికి బిగిసి, వానకు కడుక్కుపోయి మిగిలిన కొండ అది. ఆ సందుల్లోంచి వంగి, పక్కకు తిరిగి, ఒకచోట పాకినట్టే పోతే నవనాథ సిద్ధేశ్వరుడి గుడి. బయట మండే రాయి, లోపల అడుగు పెట్టగానే చల్లదనం. సిద్ధులు ఇక్కడ తపస్సు చేశారంటారు. ఈ చల్లదనం తగిలాక ఆ మాట నమ్మబుద్ధవుతుంది.

అక్కడి నుంచి హైదరాబాద్ రోడ్డు మీద డిచ్‌పల్లి. ఈ ప్రయాణంలో ఒక్కచోటే ఆగే వీలుంటే ఇక్కడ ఆగండి. ఊరు దాటి గుట్ట దగ్గర మెట్లు మొదలవుతాయి. ఎక్కుతుంటే పైన గుడి కనబడదు, ఆకాశమే కనబడుతుంది. చివరి మెట్టు మీద ఒక్కసారిగా రామాలయం ఎదురవుతుంది. గోడ దగ్గరికి పోయి చూపు నిలపండి. రాయి మీద ఏనుగుల వరుస, దాని పైన నాట్యం చేసే స్త్రీలు, దేవతలు, రాక్షసులు, మిథున శిల్పాలు. వీటిని చూసే దీన్ని ఇందూరు (నిజామాబాద్) ఖజురహో అన్నారు. ఆ పేరు ఈ గుడికి తక్కువే అని నా అభిప్రాయం. ఖజురహో చూడటానికి లోకమంతా వస్తుంది. ఇక్కడ ఈ మధ్యాహ్నం మీరు, నీడలో కూచున్న ఒక మేకల కాపరి. గోడ పక్కగా వేలు తగలకుండా నడుస్తూ ఒక్క బొమ్మనే పట్టుకుని చూడండి: వంగిన నడుము, జారిన నగ, కాలి వేళ్ల ఒత్తిడి. ఎండ వాలు మారినప్పుడల్లా ఆ బొమ్మ ఇంకో పక్కకు తిరిగినట్టుంటుంది.

కాకతీయుల కాలపు పనితనమని, పద్నాలుగో శతాబ్దానిదని చెబుతారు. పని పూర్తి కాలేదు. దండయాత్రల కాలం. ఉలి పట్టిన వాళ్లు ఏ రోజు దిగిపోయారో, మళ్లీ వస్తామనుకున్నారో లేదో. కింద కోనేరు, దాని నడుమ మండపం. గట్టున కూచుంటే గుడి నీడ నీళ్లలోకి వస్తుంది.

డిచ్‌పల్లిలోనే చూడాల్సిన మరో చోటును ఏ యాత్రా పుస్తకమూ చెప్పదు. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో ఇక్కడ కుష్ఠు ఆసుపత్రి మొదలుపెట్టారు. రాజా నర్సాగౌడ్ దానికి విరాళమిచ్చారు. ఊరి పొలిమేర దాటించి వెళ్లగొట్టిన మనుషులకు ఇక్కడ మంచం, మందు, పని దొరికాయి. చాల్‌మూగ్రా నూనె సూదులే అప్పటి వైద్యం. గుట్ట మీది రాళ్లను చూసిన కళ్లతో ఆ పాత కట్టడాలనూ చూడండి. ఈ నేల మీద జరిగిన గొప్ప పనుల్లో అదొకటి.

నిజామాబాద్‌లోకి వచ్చేసరికి గంజ్ ముందు లారీలు నిలిచి ఉంటాయి. ఇది పసుపు సీజన్ కాదు. పంట వచ్చే నెలల్లో అయితే గాలి కూడా పసుపు వాసనే. నేరుగా ఖిల్లాకు పదండి. గుట్ట మీద రఘునాథాలయం, కింద రఘునాథ చెరువు, నడుమ పాత జైలు. జైలు గదుల దగ్గర నిలబడండి. 1948లో, నిజాంను ఎదిరించిన కవి దాశరథి కృష్ణమాచార్యులు ఇక్కడ ఖైదీ. కలం, కాగితం ఇవ్వలేదు. బొగ్గుముక్కతో గోడ మీద పద్యం రాశారు. జైలువాళ్లు చెరిపారు, ఆయన మళ్లీ రాశారు. అదే జైల్లో వట్టికోట ఆళ్వారుస్వామి కూడా ఉన్నారు. బయట ఉన్నప్పుడు దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలను ఊరూరూ మోసి అమ్మిన మనిషి. 'జైలు లోపల' కథలు రాసింది ఆయనే. అరచెయ్యి ఆ గోడకు ఆనించండి. సున్నం పొరల కింద ఏ గీత మిగిలిందో ఎవరికీ కనిపించదు, పద్యం మాత్రం రాష్ట్రమంతటి నోట్లో ఉంది. ఇప్పుడు ఖైదీలను వేరే చోటికి మార్చారు. ఈ గదులను కవుల జ్ఞాపక మందిరంగా పదిలంగా నిలపడానికి ఇంతకన్నా మంచి కాలం రాదు. పైకప్పు కారుతుంటే గోడ ఎన్నాళ్లు నిలుస్తుంది?

పడమటి రోడ్డు ఎక్కితే అశోక్‌సాగర్, అది దాటితే అలీసాగర్. గుట్టల మధ్య పచ్చగా నిలిచిన నీళ్లు, తోట, మెట్ల పైన పాత అతిథి గృహం. పిల్లలుంటే ఇక్కడ గంటసేపు వదిలేయండి.

ఆ తర్వాత భూమి చదునవుతుంది. బోధన్ తోవ ఇది, ఒకప్పుడు మొత్తం చెరకు. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931కల్లా పూర్తి చేసిన నిజాంసాగర్ నీళ్లు ఈ నేలను తడిపాయి. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. నీళ్లొచ్చాక చెరకు, చెరకు వచ్చాక 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ పొగగొట్టం దూరం నుంచే కనబడుతుంది. కింద గేటు మూసి ఉంది. 2015 చివర ఫ్యాక్టరీ మూతపడింది. బండ్ల వరుసలు, బెల్లపు పాకం వాసన, రాత్రి షిఫ్టు కూత, ఇవన్నీ ఇక్కడి నడివయసు మనుషులు మీకు చెబుతారు. నిలబడి వినండి. పక్క చేన్లలో ఇప్పుడు వరి.

ఊళ్లోకి వస్తే దేవల్ మసీదు. ముందు పేరు విని, తర్వాత లోపలికి చూడండి: వరుసగా చెక్కిన రాతి స్తంభాలు, నక్షత్రాకారపు పునాది. రాష్ట్రకూటుల కాలపు గుడి, తుగ్లక్ కాలంలో మసీదయింది. ఇంత పాత ఊళ్లో రాయి ఒక్క కథే చెప్పదు. బుద్ధుడి కాలపు పదహారు మహాజనపదాల్లో వింధ్యకు దక్షిణాన ఉన్నది అశ్మక ఒక్కటే. దాని రాజధాని పోదన ఇదేనని చరిత్రకారులు చెబుతారు. బాహుబలి ఏలిన పోదనపురం ఇదేనని జైనుల నమ్మకం. ఆ పోదనపురంలోని బాహుబలిని చూడాలని తల్లి కోరితే, అక్కడికి చేరలేక చావుండరాయడు పదో శతాబ్దం చివర శ్రవణబెళగొళలో గోమఠేశ్వరుణ్ణి నిలిపాడని కథ. వేలమంది ఎక్కే ఆ కన్నడ కొండ మూలం మీరు నిలబడ్డ ఈ బోధన్ వీధి దాకా వస్తుంది. వేములవాడ చాళుక్యులు కూడా మొదట ఇక్కడి నుంచే ఏలారు.

సాయంత్రం కందకుర్తి. రెంజల్ దాటాక రోడ్డు నదిలోకి దిగుతున్నట్టే ఉంటుంది. గోదావరి, మంజీర, హరిద్ర ఇక్కడ కలుస్తాయి. అవతలి గట్టు మహారాష్ట్ర, గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది ఈ చోటే. నీళ్ల నడుమ పాత శివాలయం, వరద నాడు సగం మునిగి ఉంటుంది. ఘాటు మెట్ల మీద కూచోండి. మంజీర కాస్త ఎర్రగా, గోదావరి బూడిద రంగుగా వచ్చి, చాలా దూరం కలవనట్టే పోయి, ఆ తర్వాత కలిసిపోతాయి. ఎగువన బాబ్లీ బ్యారేజీ ఉంది. 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం దాని గేట్లు జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా ఎత్తే ఉండాలి. అందుకే ఈ నెలల్లో ఈ నీళ్లు మీ ముందు నుంచి ఆగకుండా పోతున్నాయి. పొద్దున మీరు పోచంపాడ్‌లో విన్న హోరు ఈ మెట్ల దగ్గరి నుంచి బయలుదేరిందే.

2027లో గోదావరి పుష్కరాలు. పోచంపాడ్‌కు, కందకుర్తికి లక్షల మంది వస్తారు, ఘాట్లు కడతారు, రోడ్లు వేస్తారు. ఆ పనుల్లోనే డిచ్‌పల్లి గుట్టకు ఒక కాపలాదారు, దేవల్ మసీదు ముందు దాని రెండు చరిత్రలూ చెప్పే ఒక పలక, దాశరథి ఉన్న గదికి గట్టి పైకప్పు కూడా చేరాలి. జిల్లా పెద్దలు, పురావస్తు శాఖ ఇప్పుడే పూనుకోవాలి. మీరు వచ్చినప్పుడు చెప్పులు, ప్లాస్టిక్ సీసాలు నదిలో వదలకండి, శిల్పం మీద పేరు గీకకండి. ఆగస్టు, అక్టోబర్ మధ్య, ఇంట్లో పెద్దవాళ్లను కూడా వెంటబెట్టుకుని రండి.