గర్భాశయముఖ క్యాన్సరు: జన్యు-రసాయన సంయుక్త చికిత్స

గర్భాశయముఖ క్యాన్సరునకు జన్యుచికిత్సను కీమోథెరపీతో జోడించు ప్రయోగాత్మక విధానము. ఈ వ్యాధిగ్రస్త కణములలో హ్యూమన్ పాపిలోమా వైరసు 16, 18 రకములను 1983-84లలో కనుగొనిన హెరాల్డ్ జుర్ హౌసెన్ 2008లో నోబెల్ బహుమానము నందెను. ఆ వైరసు పుట్టించు ఇ6 ప్రోటీను, దెబ్బతిన్న కణమును మరణమునకు పంపవలసిన పి53 ప్రోటీనును నాశమొనర్చుటచేత, డి.ఎన్.ఏ.ను గాయపరచి కణమును చంపు సిస్‌ప్లాటిన్ అను కీమోథెరపీ మందు సయితము కొన్నియెడల నిష్ఫలమగుచున్నది. కావున ఇ6 జన్యువును చిన్న ఆర్.ఎన్.ఏ. తునకలతో అణచియో, అడినోవైరసు మోసుకొనిపోవు పి53 జన్యువును చేర్చియో, కణమును మందునకు లొంగదీయుట యిందలి కిటుకు. ఇ6ను అణపక పి53ను మాత్రమే చేర్చినచో, చేర్చిన పి53లో కొంత ఇ6చే నశింపవచ్చును. పి53 జన్యుచికిత్సను చైనా 2003లో ఆమోదించినది తల, మెడ క్యాన్సరులకు. గర్భాశయముఖ వ్యాధియందది పరిశోధనదశ దాటలేదు.

స్థానికముగా ముదిరిన వ్యాధికి ప్రామాణిక చికిత్స నేటికిని ప్రధానముగా రేడియేషనుతో కూడిన సిస్‌ప్లాటినే.