నర్సు చదువుకు ఏం కావాలి? – కొన్ని చారిత్రక విశేషాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు, ఆసుపత్రి వార్డులు తప్ప మరేమీ ఎరుగని నేను ఏమి వ్రాయగలనా అని సందేహించాను. కానీ సమావేశాలకు వచ్చే సభ్యులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టర్ గారూ, మా మనవరాలిని నర్సింగులో చేర్చుదామనుకుంటున్నాం. ఆ చదువుకు ఏమేం కావాలి?" ఇంటర్లో బైపీసీ ఉండాలి, ఇంగ్లీషు రావాలి, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు అని చెబితే ఒక్క ముక్కలో అయిపోతుంది. అయితే ఇదే ప్రశ్న మీద నర్సుల లోకంలో నూరేళ్ళు దాటిన తగాదా ఒకటి ఉంది. దానిని గురించే ఈ నాలుగు మాటలు.

ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు వినని వారుండరు. క్రిమియా యుద్ధంలో దీపం పట్టుకొని తిరిగిన తల్లిగా పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. ఆమె చేసిన అసలు పని ఆ తరువాతిదని నా అభిప్రాయం. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేర నర్సుల శిక్షణ పాఠశాల వెలిసింది. మొదటి జట్టులో 15 మంది. వయస్సు 25కు తక్కువ, 35కు ఎక్కువ ఉండరాదు. మంచి నడవడిక కలదని సర్టిఫికెట్ తేవాలి. శిక్షణ ఒక సంవత్సరం.

వారు నేర్వవలసిన పనుల జాబితా చూస్తే ముచ్చట వేస్తుంది. కట్లు కట్టడం, కాపడాలు పెట్టడం, జలగలు పట్టించడం, ఎనీమా ఇవ్వడం, కదలలేని రోగిని కదపడం, వీపు మీద పుండ్లు పడకుండా చూడడం, పక్క వేయడం, గంజి, జావ కాచడం. ఇవన్నీ చేతి పనులు. చివర మరొకటి ఉంది, రోగిని గమనించడం. నాడి, శ్వాస, చర్మం, నిద్ర, ఆకలి, కఫం, మతి స్థిమితం, గాయం తీరు, మందు ఎలా పనిచేసింది - ఇవన్నీ కళ్ళతో చూసి ఉన్నది ఉన్నట్లు చెప్పగలగాలి. పైగా మేట్రన్ నెలనెలా ప్రతి అమ్మాయికీ ఒక పట్టీ నింపేది. వేళకు రావడం, నెమ్మది, నమ్మకం, శుభ్రత, వార్డు నడిపే తీరు - అన్నిటికీ అందులో గడులు ఉండేవి.

ఇక తగాదా సంగతి. 1887లో బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ అనే ఆమె బ్రిటిష్ నర్సుల సంఘం స్థాపించి, డాక్టర్లకు మల్లే నర్సులకూ రిజిస్టరు ఉండాలని, పరీక్ష ప్యాసైన వారే అందులో చేరాలని ఉద్యమం లేవదీశారు. ఆశ్చర్యమేమంటే దీనిని గట్టిగా వ్యతిరేకించినది సాక్షాత్తూ నైటింగేలే! మంచి నర్సుకు కావలసిన గుణాలు పరీక్షలకు అందవని ఆమె వాదం. ఈలోగా న్యూజిలాండ్ 1901లో చట్టం చేసి, 1902లో ఎలెన్ డౌహర్టీ పేరును మొట్టమొదటి రిజిస్టర్డ్ నర్సుగా నమోదు చేసింది. ఇంగ్లండులో 1919లో గానీ చట్టం రాలేదు. అప్పటికి నైటింగేల్ కన్నుమూసి తొమ్మిదేళ్ళు. రిజిస్టరులో మొదటి పేరు ఫెన్విక్‌దే.

మన వైపు చూస్తే, మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1871లో శిక్షణ మొదలైంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. 1926లో ఆ ప్రెసిడెన్సీలో నర్సుల, మిడ్‌వైఫుల చట్టం వచ్చింది. దేశమంతటికీ వర్తించే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947 నాటిది. 2023లో పార్లమెంటు దాని స్థానే కొత్త చట్టం చేసింది. 1946లో భోర్ కమిటీ లెక్కగట్టేసరికి దేశంలో సుమారు 43,000 మంది జనాభాకు ఒక్క నర్సు. కారణం వెతకనక్కరలేదు, ఆడపిల్లను పంపే ఇల్లు ఏది?

నేను 1969లో చేరాను. మా నాన్నగారు నాతో నెల రోజులు మాట్లాడలేదు. మూడు సంవత్సరాలు జనరల్ నర్సింగ్, ఆపైన మిడ్‌వైఫరీ. నన్ను మొదట భయపెట్టినవి రక్తం, దుర్వాసన కావు, లెక్కలు. ఇరవైలో ఒక పాలు ఉన్న కార్బాలిక్ లోషనును నలభైలో ఒక పాలు చేయాలి. పావు గ్రెయిను మార్ఫియా అంటే 15 మిల్లీగ్రాములు. చుక్క ఒక స్థానం జరిగితే పది రెట్లు! సాయంత్రాలు హాస్టల్ వరండాలో కూర్చుని భిన్నాలు దిద్దుకున్నాను. పరీక్షలో మా బ్యాచ్‌లో నాదే మొదటి స్థానం.

రెండవ సంవత్సరంలో, స్త్రీల సర్జికల్ వార్డులో నైట్ డ్యూటీ. నలభై మంచాలు, ఇద్దరం విద్యార్థినులం. జ్వరం చూశాను, నాడి లెక్కపెట్టాను. శ్వాస మాత్రం లెక్కపెట్టకుండా అందరికీ '20' అని వ్రాసుకుంటూ పోయాను. తెల్లవారి వార్డు సిస్టర్ గారు చార్టులు చూసి, "ఈ ఇరవై ఎక్కడిదమ్మా?" అన్నారు. నేను మాట్లాడలేదు. ఆమె నన్ను ఒక మంచం దగ్గరకు తీసుకువెళ్ళి గడియారం నా చేతిలో పెట్టారు. రెండు రోజుల క్రితం ఆపరేషన్ అయిన మనిషి. నిమిషం నిండా లెక్కపెట్టాను. 34. డాక్టరు గారు పరుగున వచ్చారు. న్యుమోనియా. ఆ తల్లి మూడు వారాలు మంచం దిగలేదు. బతికి ఇంటికి వెళ్ళింది, అది ఆమె అదృష్టం, నాదీను.

నాడి చూస్తున్నట్లు చెయ్యి పట్టుకొనే రోగికి తెలియకుండా శ్వాస లెక్కపెట్టాలని, తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుందని పరీక్షలో వ్రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్న దానిని నేనే. ఆనాడు నైటింగేల్ మాట నిజమనిపించింది. అయినా రిజిస్టరు వద్దని అనలేను. తెల్ల గౌను తొడిగిన ప్రతివారూ సూది పట్టుకోకుండా పేదరోగిని కాపాడినది ఆ రిజిస్టరే. నర్సును ఆయా లెక్కన చూడకుండా మాకు జీతము, గౌరవము, ఈనాటి పెన్షను సంపాదించిపెట్టినదీ అదే.

ఇప్పుడు వార్డుల్లో మానిటర్లు వచ్చాయి, నాడి, ఆక్సిజను తెర మీద కనబడుతున్నాయి. మామూలు వార్డుల్లో శ్వాస ఇప్పటికీ చాలాచోట్ల కంటితో లెక్కపెట్టేదే.

పిల్లలను తీసుకువచ్చే వారికి నేను చెప్పేది ఇదే. ఎనిమిది గంటలు నిలబడే ఓపిక ఉందా, భిన్నాలు వచ్చునా చూసుకోండి. అసహ్యం అంటారా, రెండు నెలల్లో పోతుంది. ఆపైన అమ్మాయిని పక్కకు పిలిచి ఒకటి అడుగుతాను: "ఇంట్లో చెప్పిన పని మరచిపోతే, మరచిపోయానని చెబుతావా?" తల్లిదండ్రులు "మా పిల్ల అబద్ధం ఆడదండీ" అని అడ్డు వస్తారు. మన సభ్యులలో ఒకరి మనవరాలు మాత్రం కాసేపు ఆలోచించి, "ఒక్కోసారి చెప్పను అమ్మమ్మా" అంది. చేర్చమన్నాను. రెండవ సంవత్సరం చదువుతోంది.